కుంకుమ తెగులు మడి

జగ్బీర్ మొదటి దెబ్బ మనిషి మీద వెయ్యలేదు, బోర్డు మీద వేశాడు. రేకు బోర్డు రెండుగా మడత పడి వయ్యారిభామ మొక్కల్లోకి ఒరిగింది. దాని మీద హిందీలో ఏం రాసి ఉందో ఊళ్ళో చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించి నాలుగు రోజులైంది. కలుపు మొక్కను చంపే సహజమైన తెగులును ఇక్కడ పెంచుతున్నాం, ఇది గాలి ద్వారా వ్యాపిస్తుంది, ఎవరూ లోపలికి రావద్దు. ఇంకేం కావాలి? తమ నేరాన్ని తామే రాసి పొలంలో పాతుకునేవాళ్ళు సైంటిస్టులు తప్ప ఇంకెవరూ ఉండరు.

శనివారం పొద్దున పదిన్నర. గురుగ్రామ్ పక్కన సోహ్నా రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వస్తే తగిలే ఆ పొలాల్లోకి రెండు ట్రాక్టర్ల మీద మనుషులు వచ్చారు. జగ్బీర్ వెనక పదిహేను మంది ఉన్నారు. కర్రలు, పారలు, ఒకడి చేతిలో డీజిల్ క్యాను. బోరు షెడ్డు ముందు నిలబడ్డ అంకయ్య ముందు ఆ క్యాన్‌ను చూశాడు, తర్వాత మడి మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో ఆకు అడుగు చూసుకుంటున్న రేవతిని చూశాడు. ఆమెను తీసుకొచ్చిన జీపు డ్రైవరు అందరికంటే ముందు పరిస్థితి అర్థం చేసుకున్నాడు. జీపు వెనక్కి తిప్పి, దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయాడు.

అదే వరసలో ఉన్న జగ్బీర్ బంతిచేనులో చాళ్ళకు చాళ్ళు మాడి చచ్చాయి. రోగం తగిలిన చేను పూలు పూజకు ఎవరు కొంటారని ఢిల్లీ గాజీపూర్ పూల మండి వ్యాపారి మొత్తం సరుకే వద్దన్నాడు. దీపావళి ఇంకా రెండు వారాలుంది. బంతి చచ్చింది తన తెగులు వల్ల కాదని రేవతికి తెలుసు, ఎందువల్లనో మాత్రం తెలియదు. ఎందువల్లనో తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషి అంకయ్య.

అంకయ్యది ప్రకాశం జిల్లా గిద్దలూరు దగ్గర పల్లె. ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో చేసి హవల్దారుగా దిగాడు. కూతురు మనీషకు గురుగ్రామ్‌లో ఉద్యోగం దొరికితే భార్య పార్వతమ్మతో ఇక్కడే ఉండిపోయాడు. పదహారో అంతస్తులో కూర్చుని కింద కార్లు లెక్కపెట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. మూడెకరాలు కౌలుకు తీసుకుని వంకాయ, కాలీఫ్లవర్ వేశాడు. పొద్దున్నే మొగుడూపెళ్ళాలు ఆటోలో పొలానికొస్తే చీకటి పడ్డాకే ఫ్లాటుకు చేరేవాళ్ళు.

చుట్టూ ఉన్నవి బిల్డర్లు కొని బీడు పెట్టిన భూములు. ఆ బీళ్ళ నిండా వయ్యారిభామ. ఇక్కడి వాళ్ళు గాజర్ ఘాస్ అంటారు. వయ్యారిభామ అని పేరు పెట్టిన మహానుభావుడు దాన్ని రోడ్డు మీద నుంచి చూసి ఉంటాడు. దగ్గరకు పోతే వయ్యారం సంగతి తెలుస్తుంది. అంకయ్య చేతులు మోచేతుల దాకా పగిలి నీరు కారేవి. కొడవలితో నరికితే పక్షం రోజుల్లో రెండింతలై లేచేది. పీకితే పక్క బీడు నుంచి విత్తనం ఎగిరొచ్చేది. సరిహద్దులో కూడా ఆయన ఇంత పట్టు వదలని శత్రువును చూడలేదు. పార్వతమ్మకైతే అది చర్మంతో ఆగలేదు. పూత కాలం వచ్చిందంటే ఆవిడ ఛాతీలోంచి పిల్లికూతలు వినపడేవి.

అలాంటి సమయంలో రేవతి వచ్చింది. తెనాలి అమ్మాయి, ముప్పై ఆరేళ్ళది, ఢిల్లీలో ఒక పరిశోధన సంస్థలో మొక్కల తెగుళ్ళ మీద పనిచేస్తుంది. లోకంలో అందరూ తెగులుకు మందు వెతుకుతుంటే ఈ అమ్మాయి తెగులునే మందు చేస్తానంది. ఆరావళి కొండల పక్కన ఒకచోట వయ్యారిభామ ఆకుల అడుగున కుంకుమ అద్దినట్టు పొక్కులు చూసిందట. కుంకుమ తెగులు. అది ఈ మొక్కను తప్ప దేన్నీ ముట్టదని బంతి మీద, పొద్దుతిరుగుడు మీద, ఇంకో నలభై రకాల పైర్ల మీద పరీక్ష చేసి చూసింది. ఎనిమిదేళ్ళు పట్టింది. ఇక తేలాల్సింది ఒకటే, నిజం పొలంలో అది మొక్కను చంపుతుందా లేదా. అందుకు ఒక మడి కావాలి. తెలుగు మాట వినగానే అంకయ్య ప్రాణం లేచొచ్చి మడి ఇచ్చేశాడు.

రేవతి పెట్టిన షరతు ఒకటే. దీపావళి దాకా మడికి వంద అడుగుల లోపల కలుపు మందు చుక్క పడకూడదు. కుంకుమ తెగులు బతికున్న ఆకు మీదే బతుకుతుంది. మందు తగిలి మొక్క చస్తే తెగులూ చస్తుంది, ఏది దేనివల్ల చచ్చిందో ఎవరికీ తేలదు. అంకయ్య మడమలు కలిపి నిలబడి మాటిచ్చాడు. తను పగబట్టిన మొక్కకు తనే నీళ్ళు పెట్టాడు, తనే కాపలా కాశాడు. కలుపుకు నీళ్ళు పెట్టే మద్రాసీ ఫౌజీ అని ఊరంతా ఒక సీజనుకు సరిపడా నవ్వుకుంది.

ఇరవై రెండు రోజుల కిందట ఒక మధ్యాహ్నం బోరు షెడ్డులో పార్వతమ్మకు ఊపిరి ఆగినంత పనైంది. షెడ్డు వెనక గట్టు నిండా వయ్యారిభామ విరగబూసి ఉంది. ఆవిడ పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గోళ్ళతో మట్టిని గీకుతూ ఆవిడ అంకయ్య కళ్ళలోకి చూసిన చూపు ఆయన జన్మలో మరిచిపోలేడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి బతికించారు. ఆ రాత్రంతా ఆయన మంచం పక్కన నిలబడే ఉన్నాడు. తెల్లారగానే గడ్డి మందు సీసా కొని పొలానికి వచ్చాడు. మాట గుర్తుంది. మాట తీసుకున్న మనిషికంటే మంచం మీదున్న మనిషి ఎక్కువైంది, అంతే.

షెడ్డు వెనక గట్టు మడికి నలభై అడుగులు కూడా లేదు. పడమటి గాలి వీస్తోంది. అంకయ్య పళ్ళు కొరుకుతూ, తిడుతూ, ఒక్కొక్క మొక్కను తడిపి తడిపి కొట్టాడు. గాలి తుంపరను మడి వైపు తీసుకుపోవడం ఆయన కంట పడింది. ఆపలేదు. వీపు మీది స్ప్రేయరు పంపులో ఇంకా మూడో వంతు మందు ఉండగా రోడ్డు మీద రేవతి జీపు హారన్ వినపడింది. కంగారుగా సీసాను మోటారు పెట్టె కింద దూర్చి, పంపును ఉన్నది ఉన్నట్టే షెడ్డు గోడ మేకుకు తగిలించాడు.

అక్కడే జరిగింది తప్పు. ఆ వరస పొలాలన్నిటికీ మంచి బ్యాటరీ పంపు అంకయ్యది ఒక్కటే. ఎవరికి కావాలంటే వాళ్ళు అడగకుండా తీసుకుపోయి వాడుకుని తెచ్చి తగిలిస్తారు. దానికో పద్ధతి నేర్పింది కూడా హవల్దారుగారే. మందు కొట్టాక పంపు కడిగి, రబ్బరు ఎండకుండా కొంచెం మంచినీళ్ళు పోసి ఉంచాలి. నాలుగేళ్ళుగా ఎవరూ తప్పలేదు. కాబట్టి మేకు మీదున్న పంపులో నీళ్ళు కనపడితే అవి మంచినీళ్ళే. ఆ మధ్యాహ్నం జగ్బీర్ వచ్చి పంపు తీసుకుపోయి, అందులో ఉన్న నీళ్ళ మీదే పురుగు మందు కలిపి, నిండా నీళ్ళు పోసి బంతికి కొట్టుకున్నాడు. సాయంత్రం మేకు మీద కడిగి ఉన్న పంపును చూశాక, దాన్ని ఎవరో వాడేశారని అంకయ్యకు అర్థమైంది.

పది రోజులకు మడి పడమటి పక్క మొక్కలు వేళ్ళతో సహా ఎండిపోయాయి. రేవతి వాటి ముందు కూర్చుని సంతోషంతో చిన్నపిల్లలా ఏడ్చింది. ఆకుల మీద కుంకుమ పొక్కులు ఎలాగూ ఉన్నాయి, ఎనిమిదేళ్ళ నుంచి చూడాలనుకున్నదే కళ్ళకు కనపడింది. తెగులు చంపేసింది బాబాయ్ అంటూ అంకయ్య చేతులు పట్టుకుంది. చచ్చినవాటిని లెక్కపెట్టి మూడువందల పన్నెండు అని రాసుకుంది. ఆయన చేతులు విడిపించుకుని మోటారు కట్టేయడానికి పోయాడు. పిరికితనమంటే తుపాకీ ముందు పారిపోవడమే అని అంతవరకు అనుకునేవాడు. ఆ రోజు నుంచి ఆయన తన ముఖం తను చూసుకోవడానికి సిగ్గుపడ్డాడు.

ఇప్పుడు జగ్బీర్ కర్ర తిప్పుకుంటూ మడిలోకి దిగాడు. రేవతి లేచి నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టి, బంతికి ఈ తెగులు రాదని, కావాలంటే వచ్చి చూస్తానని హిందీలో చెప్పింది. గాలికి వస్తుందని నువ్వే కదా రాశావ్ అన్నాడు జగ్బీర్. గాలికి వస్తుంది, కానీ ఈ మొక్కకే వస్తుంది అంది. ఆ ‘కానీ’ ఎవరి చెవికీ ఎక్కలేదు. జగ్బీర్ అన్న కొడుకు ఆమె చేతిలోని భూతద్దం లాగి బూటు కింద వేసి నలిపాడు. ఇంకొకడు గుప్పెడు ఆకులు తుంచి, రోగం లేదన్నావు కదా తిను అని ఆమె నోట్లో కుక్కాడు. ఆమె ఉక్కిరిబిక్కిరై ఉమ్మేసింది. పార కర్ర ఒకటి కనుబొమ్మ మీద తగిలింది. నెత్తురు కంట్లోకి దిగింది.

అంకయ్య పరిగెత్తుకొచ్చి పడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు పాతికేళ్ళ వెనక్కి పోయింది. పార పట్టినవాడి మణికట్టు మెలి తిప్పితే పుటుక్కున విరిగింది, వాడు గొడ్డులా అరిచాడు. రెండోవాడి ముక్కు మీద తలతో పొడిచాడు. మూడోవాణ్ణి గొంతు పట్టి మట్టిలోకి తొక్కాడు. వీపు మీద కర్రలు పడుతున్నా వెనక్కి చూడలేదు. పక్కటెముక ఒకటి లోపల కదిలింది. నిజం చెప్పాలంటే ఆయనకు ఆ దెబ్బలు హాయిగానే ఉన్నాయి. చెప్పాల్సిన మాట చెప్పకుండా, దానికి బదులు ఒళ్ళు అప్పజెబితే సరిపోతుందేమో అన్న ఆశ ఉంది. కొట్టడం, కొట్టించుకోవడం రెండూ ఆయనకు వచ్చిన పనులే. ఆ మాట చెప్పడమే రాదు.

నలుగురు కలిసి ఆయన్ను బోల్తా కొట్టించి వీపు మీద కూర్చున్నారు. ముఖం మట్టిలో ఆని ఉండగా ఆయనకు డీజిల్ వాసన తగిలింది. క్యాను పట్టుకున్నవాడు మడి చుట్టూ పోసుకుంటూ వస్తున్నాడు. మడి మధ్యలో తెగులు తగిలించిన తొట్టి మొక్కలు పన్నెండు ఉన్నాయి, ఎనిమిదేళ్ళుగా మొక్క నుంచి మొక్కకు దాటిస్తూ బతికించుకొచ్చిన తెగులు వాటి మీదే ఉంది. రేవతి పోయి ఆ తొట్ల మీద బోర్లా పడుకుంది. లేవమన్నారు, లేవలేదు. కాలు పట్టి లాగారు, తొట్టి అంచును వాటేసుకుంది. క్యాను పట్టుకున్నవాడు ఆమె వీపు మీద కూడా పోసేశాడు. జగ్బీర్ లైటరు తీశాడు. వెలిగించాలని తీశాడో, బెదిరించాలని తీశాడో, ఆ క్షణంలో వాడికీ తెలిసి ఉండదు.

“జగ్బీర్ భాయ్,” అన్నాడు అంకయ్య మట్టిలోంచి. “మైనే కియా. నేనే చేశాను. రోగం కాదు. పంపులో గడ్డి మందు ఉండింది.”

జగ్బీర్ ఆయన వైపు తిరిగాడు. తర్వాత ఎవరో నవ్వారు. వీళ్ళిద్దరిదీ ఒకే భాష, ఒకే దేశం, పిల్లను కాపాడుకోవడానికి ముసలాడు నాటకం ఆడుతున్నాడు అన్నాడు జగ్బీర్ అన్న కొడుకు. జగ్బీర్ కూడా తల ఊపాడు. నాలుగేళ్ళు పంపు కడిగి నీళ్ళు పోసి ఉంచిన ఫౌజీ మందు పంపు వదిలేస్తాడా, పిల్లలకు చెప్పు ఆ మాట అన్నాడు. తన మంచి పేరే తన నిజానికి అడ్డం నిలబడుతుందని అంకయ్య ఎన్నడూ అనుకోలేదు. లైటరు ఇంకా జగ్బీర్ చేతిలోనే ఉంది.

ఆయన వాళ్ళ బరువు కింద నుంచే గట్టిగా చెప్పాడు. వెళ్ళి నీ చేను చూసుకో. నువ్వు మోటారు దగ్గర మొదలుపెట్టి కొడతావు. మొదటి పంపు కొట్టిన చాళ్ళు మొత్తం చచ్చాయి. రెండో పంపు చాళ్ళు పసుపెక్కాయి. మూడో పంపు నుంచి ఒక్క మొక్కకూ ఏం కాలేదు. రోగం నీ పంపులు లెక్కపెట్టుకుని వచ్చిందా? నా షెడ్డులో మోటారు పెట్టె కింద చెయ్యి పెట్టు, సీసా ఉంది.

రైతుకు రైతు మాట అర్థమవుతుంది. జగ్బీర్ ముఖంలో రంగు మారింది. వాడు చేను చూడ్డానికి పోనక్కర్లేదు, ఆ చాళ్ళు రోజూ వాడి కళ్ళలోనే ఉన్నాయి. షెడ్డులోకి పోయి వంగి సీసా తీశాడు. మూత తీసి వాసన చూశాడు. మేకు మీదున్న పంపు దించుకుని దాన్ని రెండు చేతులా పట్టుకుని బయటికి వచ్చాడు. వదలండిరా ముసలాణ్ణి అన్నాడు. వీపు మీద కూర్చున్నవాళ్ళు లేచారు.

అంకయ్య మోకాళ్ళ మీద లేవగానే పంపు ఆయన భుజం మీద పడింది. అడుగున నీళ్ళున్న బరువైన పంపు. భుజం ఎముక విరిగిన చప్పుడు దూరంగా ఉన్నవాళ్ళకు కూడా వినపడింది. రెండో దెబ్బకు పంపు పగిలి నీళ్ళు ఇద్దరినీ తడిపాయి. నిన్ను అన్న అనుకున్నాను, నా చెల్లెలి పెళ్ళిలో మా ఇంటి మనిషిగా నిలబెట్టాను, నాకొక్క మాట చెబితే పోయేది కదా అని జగ్బీర్ ఏడుస్తూ కొట్టాడు. పైపు చేతికి మిగిలితే పైపుతో కొట్టాడు. ఇందాక ముగ్గురిని పడగొట్టిన చేతులు ఈసారి లేవలేదు. ముఖం మీద పడినా అడ్డం పెట్టుకోలేదు. చివరికి జగ్బీర్‌కే చెయ్యి ఆడక ఆపాడు. తనవాళ్ళను తీసుకుని వెళ్ళిపోయాడు. ట్రాక్టర్ల చప్పుడు తగ్గేదాకా అంకయ్య అలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు.

రేవతి తొట్ల మీద నుంచి లేచింది. చున్నీతో కంటి మీది నెత్తురు తుడుచుకుంది. బతికింది, మడి బతికింది. అంకయ్యకు ఊపిరి తీసినప్పుడల్లా లోపల కత్తి దిగుతున్నట్టుంది, అయినా ప్రాణం కుదుటపడింది. ఆమె వచ్చి తిట్టినా బాగుండు, లేపినా బాగుండు అనుకున్నాడు. ఆమె మూడడుగుల దూరంలో ఆగింది.

“మందు ఎక్కడ కొట్టారు, బాబాయ్?”

“షెడ్డెనక గట్టు మీద.”

“ఏ రోజు?”

చెప్పాడు. ఆమె ఆ రోజు నుంచి మొక్కలు ఎండిన రోజు దాకా వేళ్ళ మీద లెక్కపెట్టింది. పది రోజుల దగ్గర వేలు ఆగింది.

“గాలి ఎటుంది ఆ పొద్దు?”

అంకయ్యకు అప్పుడు తెలిసింది, జగ్బీర్ ముందు చెప్పింది సగమే అని. ఇంకో సగం ఈ పిల్లకు చెప్పాలి. అబద్ధం చెప్పే అవకాశం ఉంది. తూర్పు గాలి అంటే చాలు, ఎవరు చూశారు. ఆమె కళ్ళు కూడా ఆ అబద్ధమే అడుగుతున్నట్టు ఆయనకు అనిపించింది.

“పడమటి గాలమ్మా,” అన్నాడు. “మడి మీదికి పోతా ఉంటే జూశా. జూసి కూడా ఆపలా. మీ పిన్ని ఊపిరాడక గిలగిలలాడింది ముందురోజే. నా కళ్ళకింకేం కనపళ్ళా. నువ్వు లెక్కేసిన మొక్కలు నేను జంపినయ్యే.”

రేవతి మడి పడమటి పక్కకు నడిచింది. ఎండి నల్లబడ్డ మొక్కల ముందు నిలబడి తూర్పు పక్క మొక్కల వైపు చూసింది. వాటి ఆకుల అడుగున కుంకుమ పొక్కులు దట్టంగా ఉన్నాయి. పైన తెల్లటి పూలు గంపలకొద్దీ ఉన్నాయి. ఆకు ఆకూ రోగంతోనే ఉంది, ఒక్క మొక్కా చావలేదు. తెల్లపూలు గాలికి ఊగుతున్నాయి, వాటి విత్తనం వచ్చే నెల జగ్బీర్ చేలోకీ పోతుంది, అంకయ్య చేలోకీ పోతుంది. డీజిల్ ఆమె జుట్టులోంచి మెడ మీదికి కారుతోంది.

తర్వాత అక్కడే మట్టిలో కూర్చుని ఫోనులో తన రిపోర్టు తెరిచింది. నిన్న సాయంత్రమే దాన్ని సంస్థకు పంపించానని, సోమవారం పెద్ద సభలో చదువుతారని, ఆ తర్వాత నాలుగు రాష్ట్రాల్లో మళ్ళు వేస్తారని, ఎవరో వేరే మనిషి సంగతి చెబుతున్నట్టు అంకయ్యకు చెప్పింది. పగిలిన తెర మీద నెత్తురు వేలు జారుతుంటే తుడుచుకుని మళ్ళీ టైపు కొట్టింది. ఏ మందు అని అడిగింది. లీటరుకు ఎంత కలిపారు అని అడిగింది. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు అని అడిగింది. ఒక్కొక్క జవాబుకూ ఆయన విరిగిన ఎముక పట్టుకుని ఆగాల్సి వచ్చింది. ఆమె ఓపిగ్గా ఆగింది. గొంతులో కోపం ఎక్కడా లేదు. కోపం ఉంటే ఆయన భరించేవాడు.

“మీ పేరు రాయాలా, వద్దా?” అంది తల ఎత్తకుండా. “ఒక రైతు అని రాసి వదిలేస్తాను, మీరు చెబితే.”

“రాయమ్మా. పూర్తి పేరు రాయి.”

రాసింది. తెగులు వల్ల చనిపోయిన మొక్కలు అన్న గడి దగ్గరికి పోయి, మూడువందల పన్నెండు చెరిపేసి, సున్న పెట్టింది. పంపించాక ఫోను పక్కన పెట్టి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది. జగ్బీర్ అంతసేపు కొట్టినా రాని ఏడుపు అంకయ్యకు అప్పుడు వచ్చింది.